రెండు నెలల ‘ప్రిన్సెస్ ఆన్’

ఆవిరి ఇంజను అనగానే మన చెవిలో ఛుక్‌ఛుక్ మోగుతుంది. ఆ చప్పుడు చేయని ఆవిరి ఇంజనొకటి 1935లో ఇంగ్లండ్‌లోని క్రూ కార్ఖానాలో తయారైంది. దాని నంబరు 6202. పేరంటూ పెట్టలేదు గానీ, అందరూ ‘టర్బోమోటివ్’ అనేవారు.

మామూలు ఇంజనులో ఆవిరి సిలిండర్లలో దూరి పిస్టన్లను ముందుకూ వెనక్కూ నెడుతుంది. పని తీరిన ఆవిరి విడతలు విడతలుగా పొగగొట్టంలోంచి తన్నుకొస్తుంది. మనం వినే ఛుక్‌ఛుక్ అదే. పిస్టన్ల ఊపును సరితూచడానికి చక్రాలకు బరువులు బిగిస్తారు. చక్రం తిరిగినప్పుడల్లా ఆ బరువులు పట్టాను సుత్తితో కొట్టినట్టు కొడతాయి. వేగం పెరిగేకొద్దీ దెబ్బ బలమూ పెరుగుతుంది.

లండన్, మిడ్‌లాండ్ అండ్ స్కాటిష్ (ఎల్.ఎం.ఎస్.) రైల్వే ఇంజనీరు విలియం స్టానియర్ స్వీడన్ వెళ్లి, పిస్టన్లు లేని టర్బైన్ ఇంజనును చూసొచ్చాడు. టర్బైన్ రెక్కల మీదికి ఆవిరి చిమ్మితే ఇరుసు గిర్రున తిరుగుతుంది. ఆ వేగాన్ని గేర్లతో తగ్గించి చక్రాలకు అందిస్తే సరి, సుత్తి దెబ్బలుండవు. మెట్రోపాలిటన్ వికర్స్ కంపెనీతో కలిసి అలాంటి ఇంజనునే కట్టించాడు. వేగం పెంచాలంటే డ్రైవరు ఆవిరి చిమ్మే ఆరు నాజిళ్లలో మరోటి తెరిస్తే చాలు. చిక్కల్లా ఒక్కటే: టర్బైన్ వెనక్కి తిరగదు. అందుకని ముందుకు నడపడానికి ఎడమ పక్క పెద్దదీ, వెనక్కి నడపడానికి కుడి పక్క చిన్నదీ పెట్టారు. ఆ చిన్నదే తరచూ మొరాయించేది. ఇలాంటి ఇంజను మరోటి లేకపోవడంతో విడిభాగం ఏది కావాలన్నా ప్రత్యేకంగా చేయించాల్సిందే. అయినా లండన్–లివర్‌పూల్ దారిలో అది ఎక్స్‌ప్రెస్‌లు లాగుతూ నాలుగు లక్షల మైళ్లకు పైనే తిరిగింది. విఫల ప్రయోగమంటే నేనొప్పుకోను.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక పెద్ద టర్బైన్ దెబ్బతింది. కొత్తది చేయించడం గిట్టుబాటు కాదనుకున్నారు. టర్బైన్లు పీకేసి, సిలిండర్లు బిగించి, 1952 ఆగస్టులో 46202 నంబరుతో మళ్లీ పట్టాలెక్కించారు. పదిహేడేళ్లకు దానికో పేరూ దక్కింది: ప్రిన్సెస్ ఆన్.

రెండు నెలలు నిండలేదు. అక్టోబరు 8 పొద్దున లండన్ శివారు హారో అండ్ వీల్డ్‌స్టోన్ స్టేషన్లో ట్రింగ్ నుంచి వచ్చిన లోకల్ రైలు ఆగి ఉంది. అందులో ఆఫీసులకు వెళ్లే జనం కిక్కిరిసి ఉన్నారు. అక్కడక్కడా పొగమంచు. 8.19కి స్కాట్లండ్‌లోని పెర్త్ నుంచి వస్తున్న రాత్రి ఎక్స్‌ప్రెస్ హెచ్చరిక సిగ్నల్నీ, ఆ తర్వాతి ఎర్ర సిగ్నళ్లనూ దాటుకొచ్చి లోకల్‌ను వెనకనుంచి గుద్దేసింది. పెట్టెలు పక్క పట్టాల మీద పడ్డాయి. కొద్ది క్షణాల్లోనే ఆ పట్టాల మీదికి లండన్ నుంచి లివర్‌పూల్ ఎక్స్‌ప్రెస్ వచ్చి ఢీకొంది. దాన్ని లాగుతున్న జంట ఇంజన్లలో రెండోది ప్రిన్సెస్ ఆన్. పదమూడు పెట్టెలు నుజ్జునుజ్జయి 30 అడుగుల ఎత్తు గుట్టగా పడ్డాయి. 112 మంది చనిపోయారు, 340 మంది గాయపడ్డారు. సాయానికొచ్చిన అమెరికా వైమానిక దళపు నర్సు ఒకామె, తాను చికిత్స చేసినవారి నుదుట లిప్‌స్టిక్‌తో గుర్తు పెట్టిందట.

పెర్త్ రైలు డ్రైవరు, ఫైర్‌మన్ ఇద్దరూ చనిపోయారు. సిగ్నళ్లెందుకు దాటారన్నది విచారణలోనూ తేలలేదు. ఇక్కడే నాకు కోపమొస్తుంది. సిగ్నల్‌ను బట్టి డ్రైవరు గదిలోనే గంటో హారనో మోగించి, అతను పట్టించుకోకపోతే బ్రేకులు వేసే పరికరం గ్రేట్ వెస్టర్న్ రైల్వేలో 1906 నుంచే ఉంది. ఈ దారిలో పెట్టలేదు. ఇంజన్ల వేగానికి పెట్టిన బుర్రలో సగం దీనికి పెట్టలేకపోయారా? దేశమంతా అలాంటి ఏర్పాటు ఉండాలని అధికారులు తొందరపడింది ఈ చావుల తర్వాతే. అదే పని చేసే, అంతకంటే తెలివైన మన దేశపు ‘కవచ్’ను 2022 మార్చిలో సికింద్రాబాద్ డివిజన్లో గుల్లగూడ, చిట్‌గిద్ద స్టేషన్ల మధ్య రైల్వే మంత్రి ఎక్కిన రైలుతోనే పరీక్షించి చూపారు.

పెర్త్ రైలింజను ‘సిటీ ఆఫ్ గ్లాస్గో’ బాగుపడి మళ్లీ నడిచింది. ప్రిన్సెస్ ఆన్ తుక్కయింది. దాని స్థానంలో 1954లో క్రూ కార్ఖానాలోనే 71000 నంబరు ‘డ్యూక్ ఆఫ్ గ్లోస్టర్’ను కట్టారు. ఆ రకంలో రెండోది కట్టలేదు.