గాజుల సందులోకి నీటి యంత్రం

చార్మినార్ పక్కనున్న లాడ్ బజార్‌లో నిప్పు లేనిదే గాజు లేదు. బొగ్గుల కుంపటి సెగకు లక్క ముద్ద 80 డిగ్రీలు చేరకముందే మెత్తబడుతుంది. దాన్ని కడ్డీలా సాగదీసి, గుండ్రంగా వంచి, చల్లారేలోపు ఒక్కొక్క రాయీ అద్దాలి. 2024లో భౌగోళిక గుర్తింపు దక్కిన పనితనం ఇది. చుట్టూ బట్టలు, జరీ, అట్టపెట్టెలు, తల మీద కరెంటు తీగలు. లక్క కూడా మండేదే. ఇక్కడ అంటుకుంటే నీళ్లు లోపలికి ఎలా చేరాలి? ఫైరింజన్ జీవితకథంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

క్రీ.పూ. 3వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాకు చెందిన టెసీబియస్ జంట సిలిండర్ల పంపు చేశాడు. ఒకటి నీళ్లు పీలుస్తుంటే ఇంకొకటి తోస్తుంది. అయినా ధార ఆగి ఆగి వచ్చేది. 17వ శతాబ్దపు యూరప్ పంపుల్లో గాలి గది చేరాక ఆ లోపం తీరింది. పిస్టన్ తోసినప్పుడు నీళ్లు గదిలోని గాలిని నొక్కుతాయి. పిస్టన్ వెనక్కి మళ్లే క్షణంలో ఆ గాలి నీళ్లను తోస్తూనే ఉంటుంది. ధార తెగదు.

ఈ కథలో నాకు అందరికన్నా గొప్పగా కనిపించేవాడు ఆమ్‌స్టర్‌డామ్ చిత్రకారుడు యాన్ వాన్ డర్ హైడెన్. అప్పటిదాకా పంపుకే బిగించిన మూతితో వీధిలో నిలబడి గోడల మీదికి నీళ్లు చిమ్మేవారు. 1672లో ఆయన, ఆయన సోదరుడు కలిసి తోలు గొట్టం తెచ్చారు. 50 అడుగుల ముక్కలు, చివర్లకు ఇత్తడి బిగింపులు. యంత్రం వీధిలోనే ఉంటుంది, నీళ్లు మెట్లెక్కి మంట మొదలుకే చేరతాయి. నేడు మన ఫైర్ సిబ్బంది పరిచే హోస్ పైపు పొడవూ సాధారణంగా 15 మీటర్లే. అంటే దాదాపు ఆ 50 అడుగులే!

1721లో పేటెంట్ పొందిన లండన్ వాసి న్యూషమ్ తన పంపును సన్నగా, పొడవుగా కట్టాడు, ఇరుకు వీధుల్లో పట్టేలా. 1829లో ఆవిరి, తర్వాత మోటారు వచ్చాయి. యంత్రం బలిసింది, సందులు మాత్రం అలాగే ఉన్నాయి.

2025 మే 18న, లాడ్ బజార్‌కు దగ్గర్లోనే ఉన్న గుల్జార్ హౌజ్ వద్ద ఓ ఇంట్లో మంటలకు 17 మంది చనిపోయారు. వారిలో ఎనిమిది మంది పిల్లలు. దారి ఇరుకు, మెట్లు ఇరుకు. ఆ వార్త చదివాక పాతబస్తీ సందులను మునుపటిలా చూడలేకపోతున్నాను.

ఇలాంటి చోట్లకే అగ్నిమాపక శాఖ బుల్లెట్ మోటారు సైకిళ్లు తెచ్చింది. అవి ధార కొట్టవు, తుంపరను చిమ్ముతాయి. లీటరు నీళ్లు 30 డిగ్రీల నుంచి 100కు వేడెక్కడానికి దాదాపు 290 కిలోజౌళ్లు తాగుతాయి. ఆవిరి కావడానికి మరో 2,260. అసలు చల్లదనం ఆవిరయ్యేటప్పుడే. మిల్లీమీటరు చుక్కను 0.1 మిల్లీమీటరు చుక్కలుగా చీలిస్తే వెయ్యి అవుతాయి, వేడి తగిలే ఉపరితలం పది రెట్లు పెరుగుతుంది. ఆవిరి 1,700 రెట్లు ఉబ్బి మంట దగ్గరి ఆక్సిజన్‌నూ పక్కకు నెడుతుంది.

కానీ బుల్లెట్ మోసేవి కొద్ది నీళ్లే. తొలి నిమిషాల్లో అందితేనే దాని పని. ఆ తర్వాత చార్మినార్ వైపు ఆగిన పెద్ద బండి నుంచి పైపుకు పైపు తగిలించుకుంటూ పరుగెత్తాల్సిందే. రంజాన్ రాత్రుల్లో, కాలు పెట్టే చోటు లేనప్పుడు, ఒక బుల్లెట్‌ను సందు మొదట్లోనే సిద్ధంగా నిలపాలి. పైపు పరిచేంత దారిని దుకాణాల వాళ్లు వదలాలి.