కారుకు మార్పులు: ముందు యోచన, పిదప వ్యయం

బొగ్గు లారీల మధ్య తిరిగే ఘుగ్గుస్ కారుకు తొలి మార్పు అలంకారం కారాదు. అరిగిన టైర్లు, బ్రేకులు, దుమ్ము పట్టిన ఎయిర్ ఫిల్టరు ముందు సరిచూసుకోవాలి. పిదప ఒక్కొక్కటిగా, దాని గుణం రోడ్డుపై తెలిసిన తరువాతనే మరొకటి.

మోటారు వాహనాల చట్టం, 1988, 52వ సెక్షను ప్రకారం తయారీదారు నిర్దేశాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనినే స్థిరపరచింది. మెకానిక్ ‘ఏమీ కాదు’ అన్నా, శిక్ష యజమానికే: ఆరు నెలల వరకు జైలు, లేదా మార్పుకు 5,000 రూపాయల చొప్పున జరిమానా, లేదా రెండూ. ఆమోదిత సి.ఎన్.జి. కిట్టుకు అవకాశమున్నది, 14 రోజులలోగా ఆర్.టి.ఓ.కు తెలిపి ఆర్.సి.లో నమోదు చేయించాలి. తెలంగాణ, ఆంధ్ర నంబరుతో వచ్చి 12 నెలలు మించి ఇక్కడే ఉన్న కారుకైతే, మొదట ఎం.హెచ్. 34 నంబరు కొరకు చంద్రపూర్‌లో దరఖాస్తు చేయవలెను.