రాతిలో దాగిన ఆకు

మాది సింగరేణి గనుల ఊరు. చిన్నప్పుడు ఓబీ మట్టిలో దొరికే పలకలాంటి రాయిని చీలిస్తే లోపల ఆకు అచ్చు కనిపించేది. మామిడాకు అనుకునేవాళ్ళం. హాస్టల్లో చేరాకే తెలిసింది, అది గ్లోసోప్టెరిస్ అని. నాలుకలా ఉంటుంది కనుక గ్రీకు మాటతో 1828లో బ్రోన్యార్ ఆ పేరు పెట్టాడు. వయసు 25 కోట్ల ఏళ్ళ పైమాటే. అప్పటికి లోకంలో మామిడి కాదు కదా, పువ్వు పూసే మొక్కే లేదు!

ఆకు కంటే దాని వేరే ఎక్కువ చెబుతుంది. వెర్టిబ్రేరియా అనే ఆ వేరు వెన్నెముకలా గళ్ళు గళ్ళుగా ఉంటుంది. తామరతూడు విరిచి చూడండి, లోపల బోలుగా ఉంటుంది. బురదలో గాలి ఆడదు కనుక మొక్క గాలిని లోపలే నిలుపుకుంటుంది. ఈ గళ్ళూ అందుకేనని శాస్త్రజ్ఞులు అంటారు. అంటే మన గోదావరి లోయ అప్పుడు చిత్తడి అడవి. కూలిన మానులు నీటిలో మునిగి, పూర్తిగా కుళ్ళకుండా పేరుకుని, పైన ఇసుక, మట్టి పడి బొగ్గయ్యాయి. మెత్తని బురద షేల్ రాయిగా మారి ఆకు ఈనెలను కూడా దాచింది.

కొన్ని పొరల్లో రాలిన ఆకులే ఆకులు. మానులో ఏటేటి వలయాలు. చలికాలానికి ఆకు రాల్చేదన్నమాట! మన నేల అప్పుడు దక్షిణ ధ్రువం వైపు ఉండేది మరి.

1912లో అంటార్కిటికాలో చనిపోయిన స్కాట్ బృందం దగ్గర సుమారు 16 కిలోల రాళ్ళు దొరికాయి. వాటిలో ఈ ఆకూ ఉంది. ఆకలితో, చలితో నడుస్తూ కూడా వాళ్ళు వాటిని పారేయలేదు. మేమేమో చెరువులోకి విసిరేసేవాళ్ళం.

తమ్ముళ్ళూ, సెలవుల్లో అలాంటి రాయి దొరికితే తీసుకురండి. సైన్సు సారుకు చూపిద్దాం.