ఊరి పేరు చెప్పిన గొంతు

'మై ఫెయిర్ లేడీ' (1964) చూసినవారికి ప్రొఫెసర్ హిగ్గిన్స్ గది గుర్తుండే ఉంటుంది. ఎటు చూసినా పుస్తకాలు, గొంతులు పట్టే యంత్రాలు! మనిషి నోరు విప్పితే చాలు, ఏ పేటవాడో చెప్పేస్తానంటాడాయన. ఎనిమిది ఆస్కార్లు గెలుచుకున్న ఆ చిత్రంలో, ఆ యంత్రాల్లోంచి వినిపించే అచ్చుల గొంతు నటుడిది కాదు. చిత్రానికి సలహాదారుగా పనిచేసిన ధ్వనిశాస్త్ర పండితుడు పీటర్ లాడెఫోగెడ్‌ది!

హిగ్గిన్స్ విద్య ఒట్టి సినిమా గొప్ప అనుకుంటున్నారా? అయితే స్టాన్లీ ఎల్లిస్ కథ వినండి.

పళ్లున్న తాతలు కావాలి!

1950లో లీడ్స్ విశ్వవిద్యాలయానికి చెందిన హెరాల్డ్ ఆర్టన్ బృందం ఇంగ్లండ్ పల్లెల యాసలు సేకరించడం మొదలుపెట్టింది. 1961 దాకా సాగిన ఆ పనిలో 313 ఊళ్లు తిరిగారు. ఒక్కో చోట 1,300 పైచిలుకు ప్రశ్నలు!

అక్కడే పుట్టి పెరిగి, అరవై దాటిన పల్లెవాళ్లను వెతికేవారు. పళ్లూ చెవులూ బాగుండాలన్నది షరతు. బోసినోట్లో పడితే మాట రూపమే మారిపోతుంది కదా!

అడగడంలోనూ ఒక కిటుకుంది. కావలసిన మాటను తాము ముందుగా అనకూడదు. "పాలిచ్చే పశువుల్ని కట్టేసే చోటును మీరేమంటారు?" అన్న పద్ధతిలో అడగాలి. తాత నోట ఏది వస్తే అదే రాసుకోవాలి. టేప్ రికార్డర్లు చేతికొచ్చాక గొంతులూ పట్టారు. ఆ బృందంలో ఊళ్లు తెగ తిరిగినవాడు ఎల్లిస్.

హంతకుడి గొంతేనా?

1979 జూన్. ఉత్తర ఇంగ్లండ్‌లో ఆడవాళ్లను వరసగా చంపుతున్నవాడి కోసం పోలీసులు గాలిస్తున్నారు. దర్యాప్తు అధికారి జార్జ్ ఓల్డ్‌ఫీల్డ్‌కు తపాలాలో ఒక క్యాసెట్ వచ్చింది. హంతకుణ్ణి తానేనన్నట్టు, పోలీసుల్ని వెక్కిరిస్తూ ఒక మగగొంతు!

ఎల్లిస్‌ను పిలిపించారు. విన్నాడు. సండర్లాండ్ యాస అన్నాడు. అంతటితో ఆగలేదు. సౌత్‌విక్, కాసిల్‌టౌన్ పేటల దాకా వెళ్లి అక్కడ గీత గీశాడు!

ఇంకేం, ఆ యాస లేనివాళ్లను పోలీసులు అనుమానితుల జాబితాలోంచి తప్పిస్తూ వచ్చారు. గొంతు ఏ ఊరిదో ఎల్లిస్ చెప్పగలడు గాని, అది చెప్పే మాట నిజమో అబద్ధమో యాస చెప్పదు. ఎవడో ఆకతాయి పని కావచ్చునని ఎల్లిస్, సహచరుడు జాక్ విండ్సర్ లూయిస్ హెచ్చరించారు కూడా. ఆ హెచ్చరిక పోలీసుల చెవికెక్కలేదు.

అసలు హంతకుడు పీటర్ సట్‌క్లిఫ్ బ్రాడ్‌ఫర్డ్‌లో ఉండేవాడు. అతని యాసే వేరు. పోలీసులు పలుమార్లు ప్రశ్నించి వదిలేశారు. క్యాసెట్ వచ్చిన తర్వాత మరో ముగ్గురు ఆడవాళ్లు బలైపోయారు. 1981 జనవరిలో గాని అతను పట్టుబడలేదు.

మరి క్యాసెట్‌లో మాట్లాడిందెవరు? కవరు అంటించిన ఎంగిలి తడి 2005లో పట్టించింది. డీఎన్ఏ పరీక్షలో జాన్ హంబుల్ అనేవాడు దొరికాడు. 2006లో ఎనిమిదేళ్ల జైలు. ఎక్కడివాడనుకున్నారు? సండర్లాండ్! ఎల్లిస్ చెప్పిన పేటలకు దగ్గర్లోనే ఉన్నవాడు!

నటులకో గొంతుల ఖజానా

ఇలాంటి సేకరణ సినిమావాళ్లకూ అక్కరకొస్తోంది. నటులకు యాసలు నేర్పే పాల్ మైయర్ 1998లో అమెరికాలో 'ఐడియా' అనే గొంతుల భాండాగారం మొదలుపెట్టాడు. నూరు దేశాలకు పైగా మనుషుల ఇంగ్లీషు అందులో ఉంది. వారిలో చాలామంది చదివేది ఒకే కథ... జబ్బు చేసిన 'కామా' అనే పెద్దబాతు, దానికి వైద్యం చేసే నర్సు! ఇంగ్లీషు అచ్చుల తీరులన్నీ దొర్లేట్టు అల్లిన కథ అది. ఆ తర్వాత తమ గురించి తోచింది మాట్లాడాలి. చదివేటప్పుడు ఎవరైనా కాస్త నోరు సర్దుకుంటారు, కబుర్లలో పడితే అసలు యాస బయటికొస్తుంది.

మన తెరమీద గోదావరి యాసో, సీమ యాసో వినిపించినప్పుడు "మా ఊళ్లో ఇలా అనరే!" అని మీరూ గొణుక్కునే ఉంటారు. దానికి మందు కూడా ఇదే. ఆ ఊరి మనిషిని కూర్చోబెట్టి, కబుర్లు చెప్పించి, ఓపిగ్గా వినడం!