త్రాగునీటిలో ఆమ్లత - ఆరోగ్యంపై ప్రభావం

నీటి ఆమ్ల, క్షార స్వభావాన్ని పి.హెచ్. విలువతో కొలుస్తారు. పి.హెచ్. 7 అయితే ఆ నీరు తటస్థం. అంతకు తగ్గితే ఆమ్లత, మించితే క్షారత ఉన్నట్లు. భారతీయ ప్రమాణాల సంస్థ 2012లో సవరించిన ఐ.ఎస్. 10500 ప్రమాణం ప్రకారం త్రాగునీటి పి.హెచ్. 6.5 నుండి 8.5 మధ్య ఉండాలి.

నిమ్మరసం పి.హెచ్. సుమారు 2 మాత్రమే. అయినా దానిని నీటిలో కలుపుకొని త్రాగడం సర్వసాధారణం. కనుక నీటిలోని స్వల్ప ఆమ్లత నేరుగా చేసే హాని తక్కువ. అసలు ప్రమాదం ఆ నీరు తనలో కరిగించుకొనే లోహాల వలన కలుగుతుంది. కళాయి లేని ఇత్తడి పాత్రలో పులుసు కిలుమెక్కినట్లే, ఆమ్లత గల నీరు గొట్టాలు, కుళాయిలలోని రాగి, సీసం వంటి లోహాలను కరిగిస్తుంది. రాగి అధికమైతే వికారం, వాంతులు, విరేచనాలు కలుగుతాయి. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. నీటిలో కరిగిన సీసానికి రంగు, రుచి, వాసన ఉండవు. నీటిని మరిగించినా అది తొలగదు.

నీటిలో లోహపు రుచి, కుళాయి క్రింద నీలి ఆకుపచ్చ మరకలు కనిపిస్తే నీటిని పరీక్ష చేయించాలి. రాత్రంతా గొట్టంలో నిలిచిన నీటిని ఉదయం కొంతసేపు ఇతర అవసరాలకు వాడి, ఆ తరువాత వచ్చే నీటినే త్రాగడానికి, వంటకు పట్టుకోవాలి.