మంద కదిలే ముందే... మందు!

కర్నూలు, కడప పల్లెల్లో ఎవరి ఆస్తి ఎంతో తెలియాలంటే ఎకరాల లెక్క ఒక్కటే చాలదు. 'జీవాలు ఎన్నున్నాయి?' అని కూడా అడగాలి. జీవాలంటే ఇక్కడ గొర్రెలూ మేకలూ. వాన మొహం చాటేసి బుడ్డల పంట ఎండిపోయిన ఏడాది అప్పు తీర్చేది, ఆడపిల్ల పెళ్లి గట్టెక్కించేది, పిల్లాడి కాలేజీ ఫీజు కట్టేది ఆ మందే. బ్యాంకులో డబ్బుకు వడ్డీ వచ్చినట్టు ఏటా పిల్లలు పుడతాయి. అవసరం పడితే రెండు పొట్టేళ్లను సంతకు తోలితే సరి.

అలాంటి బ్యాంకు వారం పది రోజుల్లో దివాలా తీస్తే? రోగం వస్తే జరిగేది అదే.

మన దేశంలో గొర్రెలు ఎక్కువగా ఉన్నది ఏ రాజస్థాన్‌లోనో అనుకుంటాం. కానీ 2019 పశుగణన ప్రకారం మొదటి స్థానం తెలంగాణది, రెండో స్థానం ఆంధ్రప్రదేశ్‌ది. తెలంగాణలో సుమారు కోటీ 90 లక్షలు, ఆంధ్రలో కోటీ 76 లక్షలు. దేశం మొత్తం మీద ఉన్నవి 7 కోట్ల 42 లక్షలు. అంటే దేశంలోని ప్రతి రెండు గొర్రెల్లో దాదాపు ఒకటి తెలుగు నేల మీదే మేస్తోంది!

ఆసుపత్రి ఊళ్లో... మంద దారిలో

ఆవుకో గేదెకో జబ్బు చేస్తే డాక్టరు ఇంటికొచ్చి చూస్తారు. అది కట్టుగొయ్యకే ఉంటుంది కాబట్టి. సీమ గొర్రె అలా కాదు. అది నడుస్తూనే ఉంటుంది.

మెట్ట చేలల్లో పంట కోతలయ్యాక కొన్నాళ్లు అక్కడే మేత దొరుకుతుంది. అదీ అయిపోయాక చాలామంది కాపరులు కంబళి, చద్దిమూట భుజాన వేసుకుని మందతో బయల్దేరతారు. కొందరు నల్లమల వైపు, కొందరు సుంకేశుల దగ్గర తుంగభద్ర నుంచి మొదలై నంద్యాల, మైదుకూరు మీదుగా కడప దాకా సాగే కె.సి. కాలువ వైపు. వరి కోసిన మడుల్లో మేత ఉంటుంది, కాలువలో నీళ్లుంటాయి. 'అన్నా, ఈసారి మా చేన్లో మంద పెట్టు' అని రైతులే పిలుస్తారు. రాత్రికి మంద పడుకుంటే చేనుకు ఎరువు, కాపరికి గింజలో డబ్బులో. తొలకరి పడ్డాకే మళ్లీ సొంతూరు.

2022లో ఈ రెండు జిల్లాలూ విడిపోయి నంద్యాల, అన్నమయ్య జిల్లాలు కొత్తగా ఏర్పడ్డాయి. మందకు ఆ సరిహద్దులేం తెలుసు? రోగానికీ అంతే. దారిలో పది మందలు ఒకే కుంటలో నీళ్లు తాగుతాయి. ఒకదానికి జబ్బుంటే మిగతా వాటికీ అంటుకుంటుంది.

పారుడు... ముసరకు చుట్టమే

అలా అంటుకునే వాటిలో భయంకరమైనది పారుడు రోగం. డాక్టర్లు పీపీఆర్ అంటారు. విపరీతమైన జ్వరం, కళ్లూ ముక్కూ కారడం, నోట్లో పుళ్లు, ఆపైన ఆగని విరేచనాలు. ఊపిరితిత్తులు చెడితే బతకడం కష్టం. ఈ వైరస్‌ను చంపే మందు లేదు. సెలైన్లు, యాంటీబయాటిక్‌లు తోడొచ్చే ఇతర జబ్బుల్ని అదుపు చేస్తాయంతే.

మన దేశంలో దీన్ని మొదట గుర్తించింది 1987లో, తమిళనాడులో. ఒకప్పుడు పశువుల కొట్టాలను ఖాళీ చేసిన ముసర రోగానికి, అదే రిండర్‌పెస్ట్‌కు, ఇది దగ్గరి చుట్టం. ముసరను టీకాలతోనే తరిమేశారు. 2011లో ప్రపంచమంతటా అది అంతరించిందని ప్రకటించారు. మనుషుల్లో మశూచి తర్వాత మనిషి పూర్తిగా నిర్మూలించిన రెండో రోగం అదే. ఇప్పుడు పారుడు వంతు. 2030 నాటికి దీన్ని భూమ్మీద లేకుండా చేయాలని 2015లో ప్రపంచ దేశాలు లక్ష్యం పెట్టుకున్నాయి. ఆ లక్ష్యం నెరవేరడం పత్తికొండ, ఆదోని వైపు నుంచి కదిలే మందల మీద కూడా ఆధారపడి ఉంది!

టీకా మన దగ్గరే తయారవుతోంది. ఒక్కసారి వేస్తే మూడేళ్ల దాకా రక్షణ. మరి చిక్కేమిటి? చల్లదనం! ఈ టీకాను ఫ్రిజ్‌లోనే దాచాలి. ద్రావణం కలిపాక ఐసు మీద ఉంచి రెండు గంటల్లోపు వాడేయాలి. సీమ ఎండలో ఐసు డబ్బా పట్టుకుని కొండ వారన ఉన్న మందను వెతుక్కుంటూ వెళ్లేసరికి ఆ కాస్తా కరిగిపోతే వేసిన టీకా నీళ్లతో సమానం.

'టీకా వేస్తేనే చచ్చాయి'

చాలా పల్లెల్లో వినిపించే మాట ఇది. కాపరిది మూర్ఖత్వం అని కొట్టిపారేయకూడదు. అతను కళ్లారా చూసిందే చెబుతున్నాడు. కాకపోతే కారణం వేరు. పారుడు రోగం ఒంట్లోకి చేరాక బయటపడటానికి నాలుగైదు రోజులు పడుతుంది. పక్క మందలో జీవాలు చచ్చిపోతున్నాయని తెలిసి పరుగున వెళ్లి టీకా వేయిస్తారు. అప్పటికే రోగం లోపలుంటుంది. దానికి తోడు అన్నిటికీ ఒకే సూది వాడితే ఒకదాని జబ్బు ఇంకోదానికి ఎక్కుతుంది. నాలుగు రోజుల తర్వాత గొర్రెలు పడిపోతే నింద టీకా మీద పడుతుంది.

అందుకే డాక్టర్లు చెప్పే సూత్రం ఒకటే. టీకా పనిచేయడానికి రెండు మూడు వారాలు పడుతుంది కాబట్టి మంద ఊరు దాటడానికి కనీసం మూడు వారాల ముందే వేయించాలి. సంతలో కొత్తగా కొన్న జీవాల్ని కూడా రెండు మూడు వారాలు విడిగా ఉంచాకే మందలో కలపాలి.

కాలువ గట్టున జలగ

కాలువ దగ్గర ఇంకో ప్రమాదం పొంచి ఉంటుంది. తడి నేలల్లో ఉండే నత్తల ద్వారా జలగ రోగం వస్తుంది. నీటి అంచున గడ్డిని అంటుకున్న పిల్ల జలగలు మేతతో కడుపులోకి వెళ్లి కార్జాన్ని తినేస్తాయి. జీవం పాలిపోతుంది. దవడ కింద నీరు చేరి సంచిలా వేలాడుతుంది. దీనికి మందుంది. కాలువ ప్రాంతానికి వెళ్లొచ్చిన మందకు ఏ నట్టల మందు తాగించాలో డాక్టర్ని అడిగితే సరి. అన్ని నట్టల మందులూ జలగ మీద పనిచేయవు.

తిరిగొచ్చాక... చిటుకు

తొలకరి పడింది, పచ్చిక మొలిచింది, మంద ఇంటికి చేరింది. ఇక నిశ్చింత అనుకునే వేళ చిటుకు రోగం వస్తుంది. రాత్రి బాగున్న గొర్రె తెల్లారేసరికి ఉండదు. అదీ బక్కవి కాదు, మందలో బలంగా పెరిగిన పిల్లలే ముందు పోతాయి. లేత గడ్డిగానీ, కోసిన చేలో రాలిన గింజలుగానీ ఒక్కసారిగా ఎక్కువ తింటే పేగుల్లోని బ్యాక్టీరియా పెరిగి విషం చిమ్ముతుంది. ఎక్కడో దక్షిణ అమెరికాలో, పెరూ కొండల మీద లామాలకు చుట్టాలైన అల్పాకాలను పెంచేవాళ్లనూ ఇదే జాతి బ్యాక్టీరియా ఏడిపిస్తోంది. అక్కడ పుట్టిన కొద్ది రోజులకే కూనలు చనిపోతుంటాయి. వైద్యం చేసే వ్యవధి ఇవ్వదు కాబట్టి వానలకు ముందే టీకా వేయించడం ఒక్కటే దారి. మొదటిసారి వేసే పిల్లలకు రెండు వారాల తర్వాత ఇంకో డోసు తప్పనిసరి.

వానలు ముదిరాక నీలి నాలుక వ్యాధి. పేడా బురదా కలిసిన చోట పుట్టే చిన్న దోమలాంటి పురుగు దీన్ని మోసుకొస్తుంది. మూతి వాచి, నోరు పుండై, కాళ్లు కుంటుతాయి. ఒకేసారి అయిదు రకాల వైరస్‌లను ఎదుర్కొనే టీకా దీనికీ వచ్చింది. రాత్రిపూట మందను మిట్ట మీద పెట్టి వేపాకు పొగ వేసే మన పెద్దల పద్ధతీ మేలు చేస్తుంది.

ఫోను జేబులోనే...

2022 నుంచి రాష్ట్రంలో పశువుల సంచార వైద్యశాలలు తిరుగుతున్నాయి. 1962కు ఫోన్ చేస్తే వాహనం వస్తుంది. 2008లో ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల మొదలయ్యాక చదువుకున్న డాక్టర్లు అక్కడా తయారవుతున్నారు. ఆసుపత్రి నడవడం నేర్చుకుంటోందన్న మాట. ఇక కాపరి చేయాల్సింది ఒకటుంది. ఏ రోజు బయల్దేరేదీ, ఏ దారిన వెళ్లేదీ ముందే పశువుల ఆసుపత్రిలో చెప్పడం.

సాయంత్రం మంద దొడ్డికి చేరాక కాపరి లెక్క పెట్టుకుంటాడు. వెనకబడిన గొర్రెను, మేత ముట్టని మేకను అందరికంటే ముందు పసిగట్టేది అతని కళ్లే. ఆ రాత్రే ఒక్క ఫోన్ చేస్తే చాలు, రేపటి లెక్క తగ్గకుండా ఉంటుంది.