బీటిల్ కారు: డబ్బు కట్టినవాళ్లకి రాలేదు, యుద్ధానికి మాత్రం వెళ్లింది

బీటిల్ కారు అనగానే మీకేం గుర్తొస్తుంది? గుండ్రటి బాడీ, ముందు రెండు పెద్ద కళ్లలాంటి హెడ్‌లైట్లు, బంబుల్‌బీ సినిమాలో రోబోగా మారిపోయే పసుపు కారు. చూడ్డానికి బొమ్మలా ముద్దుగా ఉంటుంది. కానీ ఈ కారు మొదటి పదేళ్ల కథలో ముద్దుగా చెప్పుకునేది ఏమీ లేదు. ఈరోజు ఎపిసోడ్‌లో ఆ పదేళ్లు చూద్దాం. యుద్ధకాలం నాటి బండ్లలో ఇప్పటికి ఏవి మిగిలాయి, అవి ఒరిజినలా కాదా అని ఎలా పట్టుకుంటారు అన్నది కూడా మాట్లాడుకుందాం.

కథ 1934లో మొదలవుతుంది. హిట్లర్ అధికారంలోకి వచ్చి ఏడాది దాటింది. సామాన్యుడు కొనుక్కోగలిగే కారు కావాలన్నాడు. రిక్వైర్‌మెంట్స్ వింటే నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్లకి క్లయింట్ మీటింగ్ గుర్తొస్తుంది. ఇద్దరు పెద్దవాళ్లు, ముగ్గురు పిల్లలు పట్టాలి. గంటకి 100 కిలోమీటర్లు ఆగకుండా పోవాలి. 100 కిలోమీటర్లకి 7 లీటర్ల పెట్రోల్ మించకూడదు. ధర మాత్రం 1,000 మార్కుల లోపే. అప్పట్లో చవక కారు అంటే ఓపెల్ పీ4, దానికే 1,450 మార్కులు. అంటే బడ్జెట్ ముందే ఫిక్స్, ఎలా చేస్తావో నీ తిప్పలు నీవి. ఆ ఏడాది జూన్‌లో ఈ పని ఫెర్డినాండ్ పోర్షే చేతికి వచ్చింది.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. బీటిల్ డిజైన్ అంతా పోర్షే ఒక్కడి బుర్రలోంచే ఊడిపడలేదు. చెకోస్లొవేకియాలో టాట్రా కంపెనీ ఇంజనీర్ హాన్స్ లెడ్వింకా అప్పటికే వెనక ఇంజిన్, ఎయిర్ కూలింగ్ ఉన్న కార్లు చేస్తున్నాడు. యుద్ధం తర్వాత ఈ విషయం మీద టాట్రా వేసిన దావా 1960లలో ఫోక్స్‌వ్యాగన్ డబ్బు కట్టాకే సెటిల్ అయింది. ఇంకొకాయన జోసెఫ్ గాంజ్. యూదు ఇంజనీర్, ఒక ఆటోమొబైల్ పత్రికకి ఎడిటర్. సామాన్యుడికి చిన్న కారు కావాలని ఏళ్ల తరబడి రాశాడు, ప్రోటోటైప్‌లు కూడా చేశాడు. ఆయన ఆలోచనలతో తయారైన స్టాండర్డ్ సుపీరియర్ అనే కారు 1933 బెర్లిన్ మోటార్ షోలోనే ఉంది. అదే ఏడాది గెస్టపో ఆయన్ని అరెస్ట్ చేసింది. 1934లో దేశం వదిలి వెళ్లిపోయాడు. చివరికి 1967లో ఆస్ట్రేలియాలో చనిపోయాడు. పోర్షే డిజైన్ మీద గాంజ్ ప్రభావం ఎంత అన్నదాని మీద చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. కానీ ఆయన పేరు మాత్రం చాలాకాలం ఎవరికీ తెలియకుండా పోయింది.

సరే, టెస్టింగ్‌కి వద్దాం. 1936లో మూడు ప్రోటోటైప్‌లని ఒక్కోదాన్ని 50,000 కిలోమీటర్లు తిప్పారు. 1937లో డైమ్లర్-బెంజ్ 30 కార్లు చేసిచ్చింది. వాటి పేరు వీడబ్ల్యూ 30. వాటిని నడిపింది ఎస్ఎస్ దళం డ్రైవర్లు. అన్నీ కలిపి దాదాపు 24 లక్షల కిలోమీటర్లు తిరిగాయి. ఒక చిన్న కారుకి ఆ కాలంలో ఈ స్థాయి బీటా టెస్టింగ్ అంటే మామూలు విషయం కాదు. ఆ తర్వాత 1938లో వీడబ్ల్యూ 38 వచ్చింది. మనకి తెలిసిన బీటిల్ రూపం దాదాపుగా ఇక్కడే ఖాయమైంది.

1938 మే 26న ఫాలర్స్‌లెబెన్ అనే ఊరి దగ్గర ఫ్యాక్టరీకి శంకుస్థాపన జరిగింది. హిట్లరే వచ్చి కారుకి కేడీఎఫ్ వాగన్ అని పేరు పెట్టాడు. కేడీఎఫ్ అంటే 'ఆనందం ద్వారా శక్తి'. నాజీల కార్మిక సంస్థలో సెలవు యాత్రలు, వినోదం చూసుకునే విభాగం అది. ఆ కార్మిక సంస్థ దగ్గర ఫ్యాక్టరీ కట్టేంత డబ్బు ఎక్కడిది? 1933లో కార్మిక సంఘాలన్నింటినీ రద్దు చేసి, వాటి ఆస్తులు లాక్కున్నారు కదా, అందులోది. కార్మికుల సొమ్ముతోనే కార్మికుల కారు అని ప్రచారం చేసుకున్నారన్నమాట.

ఇప్పుడు అసలు మ్యాటర్. కారు ధర 990 మార్కులు. కొనడం ఎలా? మన చిట్టీల గురించి తెలిసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. వారానికి కనీసం 5 మార్కుల స్టాంపు కొని ఒక కార్డు మీద అతికించుకుంటూ పోవాలి. లెక్క వేయండి: 990ని 5తో భాగిస్తే 198 వారాలు, అంటే నాలుగేళ్లకి కాస్త తక్కువ. ఇన్సూరెన్స్, డెలివరీ ఖర్చులు వేరే. కట్టిన డబ్బుకి వడ్డీ లేదు. మన చిట్టీలో అయితే అవసరం పడితే మధ్యలో పాట పాడుకోవచ్చు. ఇక్కడ ఆ దారి కూడా లేదు. సుమారు 3,36,000 మంది ఇలా స్టాంపులు అతికించారు.

వాళ్లలో ఎంతమందికి కారు వచ్చిందో తెలుసా? ఒక్కరికీ రాలేదు.

1939 సెప్టెంబర్ 1న జర్మనీ పోలండ్ మీద పడింది. ఫ్యాక్టరీ ఇంకా పూర్తి కాలేదు కూడా. పౌరుల కారు పక్కకి వెళ్లి సైన్యం బండి ముందుకొచ్చింది. అదే టైప్ 82, కూబెల్‌వాగన్. 1940లో తయారీ మొదలైంది. చదునైన రేకు బాడీ, మడిచే గుడ్డ టాప్, పైకి చూస్తే జీపులా ఉంటుంది. కానీ లోపల ఉన్నది అదే బీటిల్. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే బ్యాకెండ్ అదే, ఫ్రంటెండ్ మాత్రమే మార్చారు.

నాకు ఇంజనీరింగ్ పరంగా బాగా నచ్చేది ఏంటంటే, దీనికి ఫోర్ వీల్ డ్రైవ్ లేదు. అయినా బురదలో, ఇసుకలో నడిచేది. కారణాలు చూద్దాం. ఒకటి, ఇంజిన్ బరువు వెనక చక్రాల మీదే పడుతుంది, నడిపే చక్రాలూ అవే, కాబట్టి పట్టు ఎక్కువ. రెండు, బండి చాలా తేలిక, ఖాళీగా 725 కిలోల దగ్గర ఉంటుంది. ఇరుక్కుంటే నలుగురు సైనికులు పట్టి లాగేసేవారు. మూడు, అడుగున ఫ్లోర్ నున్నగా పళ్లెంలా ఉండేది, బురద మీద జారిపోయేది. నాలుగు, వెనక చక్రాల దగ్గర అదనపు గేర్లు పెట్టారు. దాంతో బండి నేల నుంచి ఎత్తు పెరిగింది, పైగా నడిచే సైనికుల పక్కనే అదే వేగంతో మెల్లగా వెళ్లగలిగేది. ఒక చక్రం గాల్లో ఊరికే తిరిగితే రెండోదానికి శక్తి అందించే డిఫరెన్షియల్ కూడా ఉంది.

అన్నింటికంటే ముఖ్యం ఎయిర్ కూలింగ్. రేడియేటర్ లేదు, నీళ్లు లేవు. ఉత్తర ఆఫ్రికా ఎడారిలో మరిగిపోవడానికి ఏమీ లేదు, రష్యా చలిలో గడ్డకట్టడానికీ ఏమీ లేదు. మొదట్లో ఇంజిన్ 985 సీసీ, శక్తి 24 హార్స్‌పవర్ లోపే. 1943లో 1,131 సీసీకి పెంచారు, అప్పుడు 25 హార్స్‌పవర్. ఈ రోజు మన 350 సీసీ బుల్లెట్‌కే 20 హార్స్‌పవర్ ఉంటుంది. అంత చిన్న శక్తితో యుద్ధం మొత్తం నెట్టుకొచ్చారు. కూబెల్‌వాగన్లు మొత్తం 50,000 దాకా తయారయ్యాయి.

దానికి ఒక తమ్ముడున్నాడు. టైప్ 166, ష్విమ్‌వాగన్. నీళ్లలో ఈదే కారు. బాడీ స్నానాల తొట్టిలా ఉంటుంది. వెనక ఒక ప్రొపెల్లర్ ఉంటుంది, నీళ్లలోకి దిగాక దాన్ని చేత్తో కిందికి దించితే ఇంజిన్‌కి తగులుకుంటుంది. చుక్కాని లేదు, ముందు చక్రాలు తిప్పితే నీళ్లలో కూడా మలుపు తిరుగుతుంది. ప్రొపెల్లర్ ముందుకే తోస్తుంది కాబట్టి వెనక్కి రావాలంటే తెడ్డు వేసుకోవాలి. దీనికి మాత్రం ఫోర్ వీల్ డ్రైవ్ ఇచ్చారు. 14,000కి పైగా చేశారు.

మరి అసలు బీటిల్ సంగతి? 1941 నుంచి 1944 దాకా ఆ ఫ్యాక్టరీలో తయారైన కేడీఎఫ్ వాగన్లు 630. అవి కూడా పార్టీ పెద్దలకి, అధికారులకి వెళ్లాయి. ఇవి కాక బీటిల్ బాడీకి ఫోర్ వీల్ డ్రైవ్ పెట్టిన టైప్ 87 అనే కమాండర్ల కారు సుమారు 560 చేశారు. కార్డు నింపినవాళ్ల సంఖ్య మూడు లక్షలు దాటింది, తయారైన కార్లు వందల్లో.

ఇక ఈ బండ్లని చేసిందెవరు? ఈ ప్రశ్న అడగకపోతే కథ సగమే చెప్పినట్టు. జర్మన్ మగవాళ్లు యుద్ధానికి వెళ్లిపోయారు. 1940 నుంచి పోలిష్ మహిళలు, ఆ తర్వాత సోవియట్ యుద్ధ ఖైదీలు, ఫ్రెంచ్ వాళ్లు, ఇటాలియన్లు, కాన్‌సన్‌ట్రేషన్ క్యాంపుల ఖైదీలు. మొత్తం దాదాపు 20,000 మందితో ఇక్కడ బలవంతంగా పని చేయించారు. దగ్గర్లో రూయెన్ అనే ఊళ్లో ఒక 'శిశు గృహం' నడిపారు. పోలండ్, సోవియట్ కార్మిక మహిళలకి పుట్టిన పసిపిల్లల్ని తల్లుల దగ్గర్నుంచి తీసుకెళ్లి అక్కడ ఉంచేవాళ్లు. పట్టించుకునే దిక్కు లేక 350 మందికి పైగా పసివాళ్లు చనిపోయారు. యుద్ధం తర్వాత బ్రిటిష్ సైనిక కోర్టు దీన్ని విచారించింది. బాధ్యుడైన ఫ్యాక్టరీ డాక్టర్‌ని 1947లో ఉరి తీశారు.

1945 ఏప్రిల్‌లో అమెరికన్ సైన్యం వచ్చింది. తర్వాత ఆ ప్రాంతం బ్రిటిష్ చేతికి వెళ్లింది. ఊరికి వోల్ఫ్స్‌బర్గ్ అని కొత్త పేరు పెట్టారు. బాంబులకి సగం కూలిన ఫ్యాక్టరీని నడిపే బాధ్యత మేజర్ ఐవాన్ హర్స్ట్ అనే బ్రిటిష్ ఆఫీసర్ మీద పడింది. సైన్యానికి బండ్లు కావాలి, కొత్తవి దొరకట్లేదు. దాంతో 20,000 కార్లకి ఆర్డర్ వచ్చింది. 1945 డిసెంబర్ 27న బీటిల్ సిరీస్ ప్రొడక్షన్ మొదలైంది. ఏడాది ముగిసేలోపు 55 కార్లు బయటికొచ్చాయి. అక్కడి నుంచి 2003లో మెక్సికోలో చివరిది వచ్చేదాకా మొత్తం 2,15,29,464.

స్టాంపులు అతికించినవాళ్లు ఏమయ్యారు? వాళ్ల డబ్బు బెర్లిన్ బ్యాంకులో ఉండగా సోవియట్ సైన్యం పట్టుకుపోయింది. వాళ్లు ఊరుకోలేదు, కోర్టుకెక్కారు. పన్నెండేళ్ల పైన నడిచి 1961లో రాజీ కుదిరింది. కొత్త కారు కొంటే 600 మార్కుల దాకా డిస్కౌంట్, వద్దంటే 100 మార్కుల నగదు. ఇరవై ఏళ్ల కిందట పూర్తి డబ్బు కట్టినవాళ్లకి దక్కింది అంతే.

ఇప్పుడు మిగిలిన బండ్ల సంగతి. అన్నింట్లోకి చిత్రమైనది టైప్ 64. 1939 సెప్టెంబర్‌లో బెర్లిన్ నుంచి రోమ్‌కి ఒక రేసు ప్లాన్ చేశారు. దానికోసం కేడీఎఫ్ వాగన్ భాగాల మీద అల్యూమినియం బాడీతో మూడు రేసు కార్లు చేశారు. యుద్ధం వచ్చి రేసు రద్దయింది. ఒక కారు యుద్ధానంతరం అమెరికన్ సైనికుల చేతిలో పడింది. టాప్ కోసేసి, ఇంజిన్ చెడేదాకా సరదాగా తిప్పి పారేశారు. మూడో కారుని పోర్షే కుటుంబమే వాడుకుని, 1949లో ఓటో మాథే అనే ఆస్ట్రియన్ రేసర్‌కి అమ్మింది. ఆయన దానితో రేసులు గెలిచాడు, చనిపోయేదాకా దగ్గరే ఉంచుకున్నాడు. ఆ కారు 2019 ఆగస్టులో కాలిఫోర్నియాలో వేలానికి వచ్చింది. వేలం వేసే ఆయన 'థర్టీన్' అన్నది 'థర్టీ'లా వినపడి స్క్రీన్ మీద 3 కోట్ల డాలర్లు అని పడింది. అలా 7 కోట్ల దాకా పాకింది. జనం చప్పట్లు కొడుతుంటే అసలు పాట 1.7 కోట్లే అని సరిచేశారు. హాల్ అంతా గోల. కారు అమ్ముడుపోలేదు.

వోల్ఫ్స్‌బర్గ్‌లో ఉన్న ఫోక్స్‌వ్యాగన్ ఆటోమ్యూజియంకి వెళ్తే కూబెల్, ష్విమ్ రెండూ కళ్లారా చూడొచ్చు.

మరి పాతదని చెప్పి అమ్మేవాటిలో నిజమెంత? ఇక్కడే డిటెక్టివ్ పని. ఫస్ట్ చూసేది ఛాసిస్ నంబర్. బీటిల్‌కి అది వెనక సీటు కింద మధ్య గొట్టం మీద పంచ్ చేసి ఉంటుంది. ఇంజిన్ నంబర్ కలవలేదంటే వెంటనే నకిలీ అనలేం, ఎందుకంటే యుద్ధంలో ఇంజిన్లు ఒకదాని నుంచి ఇంకోదానికి మారుస్తూనే ఉండేవారు. బాడీ కూడా మోసం చేస్తుంది. 1945 తర్వాత బ్రిటిష్ హయాంలో కూబెల్ ఛాసిస్ మీద బీటిల్ బాడీ పెట్టి కొన్ని కార్లు చేశారు. పైకి అచ్చం యుద్ధకాలం బండే, పుట్టింది మాత్రం యుద్ధం అయ్యాక. అందుకే ఒక్క ఆధారం మీద ఎవరూ తేల్చరు. నంబరు, లోహం, వెల్డింగ్, కాగితాలు అన్నీ ఒకే కథ చెప్పాలి.

కార్లతోపాటు ఇంకొకటి కూడా మిగిలింది. వోల్ఫ్స్‌బర్గ్ ఫ్యాక్టరీ లోపల అప్పటి బాంబు షెల్టర్. 1986లో కంపెనీ తన యుద్ధకాలం చరిత్ర రాయమని హాన్స్ మోమ్‌సెన్ అనే చరిత్రకారుణ్ని అడిగింది. పదేళ్లకి ఆ పుస్తకం వచ్చింది. 1998లో బతికున్న బలవంతపు కార్మికుల కోసం ఒక నిధి పెట్టారు. 1999లో ఆ షెల్టర్‌ని వాళ్ల స్మారకంగా తెరిచారు. అంటే బలవంతపు చాకిరీ ఆగిపోయిన యాభై ఏళ్లు దాటాక.

కాబట్టి ఫ్రెండ్స్, ఈసారి ఎక్కడైనా రీల్‌లో మెరిసిపోయే కూబెల్‌వాగన్ కనిపిస్తే ఇంజిన్ సీసీ ఎంతో చూడండి, తప్పులేదు. దాని మీద బోల్టు బిగించిన చేతులు ఎవరివో కూడా ఒక్క క్షణం ఆలోచించండి.